గంజి పెట్టిన వైర్లు

మనుషుల మొహాలు సగమే కనిపించిన ఆ రోజుల్లో అబద్ధం ఆడటం ఎంత తేలికో అంత కష్టంగానూ ఉండేది. నోరు గుడ్డ కింద దాగి ఉండేది కాబట్టి తేలిక. కళ్ళు బయటే ఉండేవి కాబట్టి కష్టం. సూరత్‌లో, డిండోలిలో, ఊరు వదిలి వచ్చిన తెలుగువాళ్ళుండే మా గల్లీలో ఆ రెండేళ్ళూ అందరం ఎవరో ఒకరి దగ్గర ఏదో ఒకటి దాస్తూనే బతికాం. దగ్గు వస్తే ఇంటి ఓనరు దగ్గర దాచేవాళ్ళం. పోయినవాళ్ళ సంగతి ఉన్నవాళ్ళ దగ్గర దాచేవాళ్ళం. ఊరి నుంచి చుట్టాలు ఫోన్ చేసి "ఆడ ఎట్లున్నదిరా?" అంటే, అంబులెన్స్ కూత వినపడకుండా ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి "టీవీల చూపించినంత ఏం లేదు" అనేవాళ్ళం. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ కోర్సు సగం తరగతిలో చదివి, మిగతా సగం ఫోన్‌లో వీడియోలు చూసి పూర్తి చేస్తున్నాను. (వీడియోలో షాక్ కొట్టదు కాబట్టి, నాకు అన్నీ వచ్చేశాయని గట్టి నమ్మకం.)

మా మామ, అంటే మా మేనత్త భర్త, సగం జీవితం సాంచాల మీద గడిపినవాడు. సాంచా అంటే కరెంటు మగ్గం. దాని చప్పుడులో మాట్లాడి మాట్లాడి మామ గొంతు ఎంత పెరిగిందంటే, ఆయన చెవిలో చెప్పిన రహస్యం పక్కింటివాళ్ళు కూడా విని సలహా ఇచ్చేవాళ్ళు. మొదటి లాక్‌డౌన్‌లో కార్ఖానా మూతపడింది. మళ్ళీ తెరిచాక సగం మందినే రమ్మన్నారు. ఆ సగంలో మామ లేడు. కొన్నాళ్ళు గోడకు ఆనుకుని కూర్చుని, ఒకరోజు ఉన్నట్టుండి డుమస్ సముద్రం ఒడ్డు నుంచి ఒక బండి తోలుకొచ్చాడు. ఇసకలో పిల్లల్ని ఎక్కించుకుని తిప్పుతారే, నాలుగు లావు చక్రాలు, స్కూటర్‌కున్నట్టు హ్యాండిలు, మధ్యలో గుర్రం మీద కూర్చున్నట్టు సీటు, ఆ ఏటీవీ అన్నమాట. దాని పాత ఓనరు అన్నీ అమ్ముకుని సొంత రాష్ట్రానికి వెళ్ళిపోతూ మామకు అంటగట్టాడు. "ఇగ సేటు లేడు, షిఫ్టు లేదు. సముద్రమే మన కార్ఖానా," అన్నాడు మామ. గుమ్మంలో నిలబడ్డ అత్తమ్మ బండిని కిందినుంచి పైదాకా చూసి, "ఈ నాలుగు కాళ్ళ దయ్యాన్ని ఎవడు మేపుతడు?" అని లోపలికి వెళ్ళిపోయింది. కొన్ని ఆదివారాలు నడిచిందో లేదో, కేసులు మళ్ళీ పెరిగాయి. సముద్రం దగ్గరికి ఎవర్నీ రానివ్వొద్దన్నారు. బండి వచ్చి మా గల్లీలో నిలబడింది.

అసలే ఉప్పు గాలికి దాని వైర్లు తుప్పు పట్టి ఉన్నాయి. మామ వాటిని బాగుచేసిన పద్ధతి సాంచా నడిపినవాడికి తప్ప ఇంకెవరికీ తట్టదు. పోగు తెగితే సాంచా ఆపి, రెండు కొసలూ పట్టుకుని, రెప్ప వేసేలోగా ముడి వేసి మళ్ళీ తిప్పడం ఆయన చేతులకు అలవాటు. వైరు తెగినా ఆయనకు అంతే. పైన ప్లాస్టిక్ గీకేసి, లోపలి రాగి తీగలకు ఆ ముడే వేసేవాడు. ముడి మీద నూలు దారం చుట్టేవాడు. దారం మీద గంజి రాసేవాడు! "టేపు చుట్టాలె మామా," అని నేనంటే, "టేపు ఎండకు ఊడుతది అల్లుడా. గంజి పట్టిందనుకో, పోగు కదలదు. నాకు చెప్తవా?" అనేవాడు. ఆ గంజి కోసం గల్లీలో ఎలుకలన్నీ బండి కింద కాపురం పెట్టాయి. అవి కొరికేవి, మామ మళ్ళీ ముడి వేసి మళ్ళీ గంజి పెట్టేవాడు. పైగా వైర్లన్నీ తెల్లవే. ఏది హారనుదో ఏది లైటుదో ఎలా తెలుస్తుందంటే, "పడుగుల వెయ్యి పోగులుంటయి, అన్నీ ఒకటే రంగు. నేను ఏనాడన్న తప్పిపోయిన్నా?" అని ఎదురు ప్రశ్న. ఫలితం ఏమిటంటే, బ్రేకు తొక్కితే హారను మోగేది, లైటు ఆరిపోయేది. అప్పుడు మామ దిగి, కాలి చెప్పు తీసి, హెడ్‌లైటును రెండు బాదేవాడు. లైటు వెలిగేది. చెప్పు తొడుక్కుని మళ్ళీ ఎక్కేవాడు. అత్తమ్మ గుమ్మంలోంచి ఇదంతా చూస్తూ, "మనిషెట్లనో బండీ గట్లనే, తంతే గాని కదలదు," అనేది. గల్లీ అంతా నవ్వేది. ఆ గల్లీలో ఆఖరుగా అందరూ కలిసి నవ్విన నవ్వులు అవే.

ఎండలు ముదిరే వేళకు మా బాపమ్మకు (మా నాన్న తల్లి, అత్తమ్మకూ తల్లే) జ్వరం పట్టుకుంది. అత్తమ్మ వాళ్ళది పక్క గదే. పగలూ రాత్రీ మా ఇంట్లోనే ఉండి తల్లికి సేవ చేసింది. వద్దంటే వినలేదు. ఆ తర్వాత ఆమెకే ఆయాసం వచ్చింది. ఆసుపత్రుల్లో మంచాలు లేవు. మా ఇంటికి కాస్త దూరంలో పెళ్ళిళ్ళు జరిగే వాడీ ఒకటి ఉంటే, దాన్ని వార్డుగా మార్చారు. అందులో చోటు దొరికింది. గేటు మీద పెళ్ళివారికి స్వాగతం చెప్పే బోర్డు అలాగే ఉంది. దాని కిందినుంచే అత్తమ్మను లోపలికి తీసుకెళ్ళారు. మూడో అంతస్తులో, భోజనాల హాలులో, కిటికీ పక్కన మంచం. మర్నాడు తెల్లవారకముందే బాపమ్మ మా ఇంట్లోనే కన్నుమూసింది. బాపు (మా నాన్న), మామ ఇద్దరే వెళ్ళారు ఘాట్‌కు. అక్కడ కూడా వరస. సాయంత్రం వచ్చి గల్లీలోనే నీళ్ళు పోసుకుని, తడి బట్టలతో అలాగే మెట్ల మీద కూర్చున్నారు. ఏడవడానికి కూడా ఎవరి దగ్గరికీ ఎవరూ రాలేదు. బాపమ్మ లాంటి మనిషి, గల్లీలో సగం మంది పిల్లలకు నూనె రాసి నీళ్ళు పోసిన మనిషి, అలా వెళ్ళిపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

"ఆమెకు ఇప్పుడే చెప్పొద్దు. ఊపిరి అసలే తక్కువుంది," అన్నాడు వార్డు డాక్టరు. చెప్పకుండా ఉండటం మాటలా? అత్తమ్మ దగ్గర బటన్ ఫోను ఉంది. మామ మొదటిసారి ఫోన్ ఎత్తగానే అటునుంచి వచ్చిన మొదటి మాట, "అవ్వ తిన్నదా?" అవ్వ అంటే ఆమె తల్లి, మా బాపమ్మ. మామ నోరు తెరిచాడు. ఫోన్ పెట్టేసి, దాన్ని పాము పిల్లను విసిరినట్టు మంచం మీదికి విసిరేశాడు. బాపు అసలు ఫోన్ ముట్టుకోనన్నాడు. అప్పుడు ఇద్దరూ నావైపు చూశారు. (కాలేజీకి వెళ్ళకుండానే వెళ్ళానని ఇంట్లోనూ, ఇంట్లో పనుందని కాలేజీలోనూ చెప్పి రెండు చోట్లా నెగ్గుకొచ్చిన ఘనత నాది. ఆ అనుభవం ఇలా పనికొస్తుందని ఎవరనుకున్నారు?) ఆ రోజు నుంచి ఫోన్ డ్యూటీ నాదే. బాపమ్మ ఏం చేస్తోందంటే "పండుకున్నది అత్తమ్మా" అనేవాణ్ణి. మామ ఏడంటే "బాత్‌రూంల ఉన్నడు" అనేవాణ్ణి. కంగారులో వేరే అబద్ధం తట్టేది కాదు. పొద్దున అడిగినా బాత్‌రూమే, సాయంత్రం అడిగినా బాత్‌రూమే.

అత్తమ్మ కొన్నాళ్ళు ఓపిక పట్టింది. ఒకరోజు ఆయాసపడుతూ, నెమ్మదిగా అడిగింది. "కొడుకా, నీకు దండం పెడ్త. నిజం చెప్పు. మీ మామ పోయిండు గదా?" "అయ్యో, లేదత్తమ్మా! బాత్‌రూంల..." అన్నాను. "ఊకో," అంది, అంతే. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేసింది.

ఆ సాయంత్రం వార్డులో పనిచేసే ఆయా ఫోన్ చేసింది. మరాఠీ ఆవిడ. మేమంతా తాయీ, అంటే అక్కా, అనేవాళ్ళం. "ఆప్ కీ బాయీ ఖానా నహీ ఖా రహీ. మాస్క్ నికాల్ దేతీ హై. బోల్తీ హై, కిస్‌కే లియే జీనా?" అంది. అన్నం ముట్టడం లేదట, ఆక్సిజన్ మాస్కు పీకేస్తోందట, ఎవరి కోసం బతకాలి అంటోందట. మామ గోడకు తల ఆనించుకుని నిలబడిపోయాడు. నేను చెప్పిన అబద్ధాలన్నీ ఒక అబద్ధాన్ని కాపాడటానికి పుట్టాయి. అవన్నీ కలిసి బతికున్న మనిషిని చంపేశాయి. ఇప్పుడు ఆ చావు ఇంకో మనిషిని తీసుకుపోయేలా ఉంది.

తాయీ మంచిది. తన సొంత ఫోనులో వీడియో కాల్ చేసి చూపిస్తానంది. మామ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఏమీ అడగకముందే ధైర్యం చెప్పి పెట్టేయాలని ఒప్పందం. తెర మీద అత్తమ్మ మొహం కనిపించగానే మామ "ఏమే..." అని నోరు తెరిచాడు. సరిగ్గా అక్కడ నెట్ ఆగిపోయింది. అటుపక్క తెర మీద మామ నోరు తెరిచినట్టే, కన్ను ఆర్పకుండా, దండ వేస్తే సరిపోయేలా నిలిచిపోయాడట. అత్తమ్మ చూసి, "ఇది ఫొటో," అని అటు తిరిగి పడుకుందట. మళ్ళీ కలిపి తాయీ ఫోను చెవి దగ్గర పెట్టబోతే తోసేసిందట.

లోపలికి రానివ్వరు. కేకేస్తే వినపడదు, వాడీ ఆవరణలో జనరేటరు మోత, రోడ్డు మీద అంబులెన్సులు. కిటికీలోంచి రోడ్డు కనిపిస్తుంది కానీ, గోడ బయట నిలబడ్డవాళ్ళందరూ మాస్కులు, తలకు తువ్వాళ్ళు. మూడో అంతస్తు నుంచి చూస్తే ఎవరు ఎవరో దేవుడికే తెలియాలి. మామే తల ఎత్తాడు. "అల్లుడా, బండి! గా దిక్కుమాలిన బండి సూరత్‌ల నా ఒక్కనికే ఉన్నది. దాని మీద పోతే నేనేనని తెల్వదా?" అన్నాడు. అంతటి దుఃఖంలోనూ మాకు లేచి నిలబడాలనిపించింది. అయితే ఒక చిక్కు. పగలంతా ఎండకు ఆ కిటికీలకు పచ్చ గుడ్డ కడతారు. పొద్దు వాలాక తీస్తారు. ఎనిమిదింటికి కర్ఫ్యూ. ఆ మధ్యలో ఉన్న కాస్త మసక చీకటిలో బండి పైకి కనిపించాలంటే లైట్లు కావాలి. బండి చూస్తే నెలన్నరగా కదల్లేదు. బ్యాటరీ చచ్చిపోయింది. వైర్ల మీద గంజి మాత్రం ఎలుకలు శుభ్రంగా తినేశాయి.

"నువ్వు పక్కకు జరుగు మామా," అన్నాను నేను. ఇంతకాలానికి నా విద్యకు ఒక బండి దొరికింది! మామ ముడులన్నీ కత్తిరించి పారేశాను. ప్రతి ముడికీ ఆయన ఉలిక్కిపడ్డాడు. "అరెరె, గంత మంచి ముడి..." అని ఆ తుంపులన్నీ ఏరి ఒక గోనె సంచిలో వేసుకున్నాడు. లారీ సామాన్ల దుకాణం షట్టరు మూసే ఉన్నా, కింద జానెడు సందు ఉంది. అందులోంచి ఓనరు చెయ్యి ఒకటి బయటికొచ్చి నాకు కావాల్సినవన్నీ ఇచ్చింది. (మొహం ఇప్పటికీ తెలియదు.) రంగు రంగుల వైర్లు, ఫ్యూజు, రిలే, కొత్త ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు రెండు, హ్యాండిలు మీద బిగించే పొడుగాటి లైటు పట్టీ ఒకటి. గల్లీలో ఊరికే పడి ఉన్న ఆటో బ్యాటరీ అడిగి తెచ్చాను. ప్రతి అతుకుకూ సోల్డరింగు, సోల్డరింగు మీద స్లీవు. ఎర్త్ వైరు తుప్పు గీకి బండి చాసిస్‌కు గట్టిగా బిగించాను. స్విచ్ నొక్కితే గల్లీ ఆ చివరి దాకా తెల్లగా వెలిగిపోయింది. బ్రేకు తొక్కితే బ్రేకే పడింది. హారను నొక్కితేనే హారను మోగింది. "శభాష్‌రా ఇంజినీరూ!" అన్నాడు మామ, నా వీపు మీద ఒక్కటి చరిచి. బాపమ్మ పోయాక ఆయన నోట వచ్చిన మొదటి మంచి మాట అది.

సాయంత్రం బయల్దేరాం. మామ నడుపుతున్నాడు, నేను వెనక. వాడీ ఎదురుగా రోడ్డుకు అవతల ఆగి, కిటికీకి సూటిగా లైట్లన్నీ వేశాం. ఆహా, ఏం వెలుగు! ఎదురుగా ఉన్న గోడ, చెట్లు, మూడో అంతస్తు కిటికీ ఊచలు అన్నీ పగలులా కనిపించాయి. ఊచల వెనక అత్తమ్మ నీడ కదిలింది. మామ రెండు చేతులూ ఎత్తి ఊపాడు. నీడ కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. నేను విజయగర్వంతో ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుంటుండగా తాయీ ఫోన్ చేసింది. ఆమె చెప్పినదాని సారాంశం ఇది. అత్తమ్మ చూసిందట. చూసి, తాయీతో ఇలా అందట: "బండి అమ్మేసిండ్రు. ఎవడో కొన్నోడు నడుపుతున్నడు. మా ఆయన బండి ఏనాడన్న గట్ల ఎలిగిందా?" ఆ వెలుగు కళ్ళల్లో కొట్టి, దాని వెనక కూర్చున్న మనిషి ఆమెకు కనిపించనే లేదు. మొగుడు పోయాడన్నదానికి ఇన్నాళ్ళూ అనుమానమే ఉండేది. నేను శ్రద్ధగా సోల్డరింగు చేసి సాక్ష్యం కూడా చూపించాను.

మా అమ్మ నాకేసి చూసిన చూపు చెప్పలేను. నేను రాత్రంతా పడుకోలేదు అంటే అతిశయోక్తి, పడుకున్నాను, కానీ కలలో కూడా ఆ కిటికీయే కనిపించింది. పొద్దున్నే లేచి చూస్తే మామ గల్లీలో బండి పక్కన గోనె సంచి దులుపుతున్నాడు. పాత తుంపులన్నీ కుప్పగా పోసుకుని, "అల్లుడా, నువ్వు చేసిందంత ఇప్పేయ్. మళ్ళ పాడు చెయ్యాలె," అన్నాడు. అమ్మను పిలిచి, "చెల్లె, బియ్యం జర ఎక్కువ పొయ్యి. గంజి కావాలె," అన్నాడు. ఆ రోజుల్లో బియ్యం ఎక్కువ పొయ్యమనడం చిన్న మాట కాదు. అమ్మ ఒక గ్లాసు ఎక్కువే పోసింది.

బండిని బాగుచేయడం వీడియోల్లో వేలకొద్దీ ఉంది. పాడుచేయడం ఎక్కడా లేదు. ఏ వైరు ఎక్కడికి వెళ్ళి ఏ తప్పు చేసేదో నాకెలా తెలుస్తుంది? మామ చేతులకే తెలియాలి. ఆయన మెట్ల మీద కూర్చుని, తుంపు తుంపుకూ ముడి వేస్తూ, దారం చుడుతూ, గంజి రాస్తూ పోయాడు. ఎన్నాళ్ళకో పనిలో పడిన మనిషి, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నా చేతులు ఆపలేదు. ఎల్‌ఈడీలు పీకేసి పాత పసుప్పచ్చ బల్బు పెట్టాం. అంతా అయ్యాక స్విచ్ వేశాను. లైటు వెలిగింది. బ్రేకు తొక్కాను. లైటు వెలుగుతూనే ఉంది. హారను మోగలేదు. "కొంప మునిగింది మామా, మంచిగ పనిచేస్తున్నది!" అని అరిచాను. బాపు తల పట్టుకున్నాడు. మామ మాత్రం బండి చుట్టూ ఒకసారి తిరిగి, నేను గట్టిగా బిగించిన ఎర్త్ వైరును విప్పి, దాన్నీ మధ్యలో కోసి ముడి వేసి, గంజి దట్టంగా పట్టించాడు. "ఆరనియ్యి," అన్నాడు. ఎండలో ఆరబెట్టి మధ్యాహ్నం మళ్ళీ చూశాం. బ్రేకు తొక్కగానే హారను కుయ్యోమంది, లైటు ఆరిపోయింది. అమ్మ లోపలి నుంచి పరిగెత్తుకొచ్చింది. ఒక బండి పాడైనందుకు ఒక కుటుంబం అంత సంతోషించడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

సాయంత్రం మళ్ళీ అదే చోటు. లైటు గుడ్డిగా, పసుప్పచ్చగా, వణుకుతూ ఉంది. కిటికీ దగ్గర ఎవరూ లేరు. రమ్మంటే రానంటోందని తాయీ ఫోనులో చెప్పింది. "లేపి కూర్చోబెట్టు తాయీ, ఒక్కసారి," అని బతిమాలాను. కర్ఫ్యూకు టైమవుతోందని హోంగార్డు ఈల వేసుకుంటూ అటు నుంచి వస్తున్నాడు. అప్పుడు ఊచల వెనక నీడ కనిపించింది. మామ బ్రేకు తొక్కాడు. హారను కుయ్యోమంది, లైటు ఆరిపోయింది. మామ దిగాడు. చెప్పు తీశాడు. "పాడుబడ్డ బండీ, ఇయ్యాల గూడ నా పరువు తీస్తవా? ఎలుగు! ఎలుగుమన్ననా!" అని హెడ్‌లైటును బాదడం మొదలుపెట్టాడు. రెండు దెబ్బలకు వెలిగేది ఆ రోజు వెలగలేదు. ఇంకా బాదాడు. హోంగార్డు పరిగెత్తుకొచ్చి, "ఏ చాచా, క్యూఁ మార్ రహా హై?" అని, ఎందుకు కొడుతున్నావంటూ గద్దించాడు. మామ చెప్పు ఎత్తి పట్టుకునే, కిటికీ వైపు చూపించి, "మేరీ ఔరత్ దేఖ్ రహీ హై, సాబ్," అన్నాడు. నా భార్య చూస్తోంది అని. హోంగార్డు తల ఎత్తి చూశాడు. ఏమర్థమైందో, రెండడుగులు వెనక్కి జరిగి, ఈల జేబులో పెట్టుకున్నాడు. మామ ఇంకొక్కటి బాదాడు. లైటు వెలిగింది.

పైన అత్తమ్మ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. ఒక చెయ్యి ఎత్తి ఊపింది. తల కూడా ఊగుతోంది, నవ్వుతోందని అంత దూరం నుంచి కూడా తెలిసిపోయింది. నేను రోడ్డు మధ్యలో నిలబడి, మాస్కు కిందికి లాగి, రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాను. గెంతాను. మామ బండి సీటు మీదికి ఎక్కి నిలబడి చెప్పు ఊపాడు. కాసేపటికి అత్తమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. తాయీ ఆమెను పట్టుకుని మెల్లగా కూర్చోబెట్టడం కనిపించింది. ఆ రాత్రి తాయీ ఫోన్ చేసి, "బహుత్ హఁసీ. ఫిర్ బహుత్ రోయీ. ఫిర్ ఖానా మాఁగా," అంది. బాగా నవ్విందట, తర్వాత బాగా ఏడ్చిందట, ఆ తర్వాత అన్నం అడిగిందట. "సంతోషానికి ఏడ్చింది," అన్నాడు మామ. "అవును మామా, సంతోషానికే," అన్నాను నేను. ఆ రాత్రి నేను రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను.

అత్తమ్మ కోలుకుంది. చిక్కి సగమై, ఆటోలోంచి దిగింది. మామ రోజంతా అద్దం ముందు నిలబడి ఎలా చెప్పాలో బట్టీ పట్టాడు. బాపు, గుండు కనిపించకుండా ఆ ఎండలో ఉన్ని టోపీ పెట్టుకుని నిలబడ్డాడు. (అంతకన్నా అనుమానం పుట్టించే వేషం ఇంకోటి ఉండదు.) అత్తమ్మ గడప మీదే కూర్చుంది. మామ గొంతు సవరించుకుని "అవ్వకు ఏమైందంటే..." అని మొదలుపెట్టేలోగా, ఆమె బాపు వైపు చూసి, "అన్నా, అవ్వను ఏ ఘాట్‌కు తీస్కపోయిండ్రు?" అని అడిగింది.

బాపు ఉన్ని టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నీకు ఎవలు చెప్పిండ్రే?" అన్నాడు.

"ఎవలు చెప్పలే. ఈ మనిషి చెప్పు తీసి బండిని కొడుతుంటే, బతికే ఉన్నడని నవ్వొచ్చింది. కడుపునిండ నవ్విన. నవ్వుకుంటనే అనిపించింది. బతికున్న మనిషి ఇన్ని దినాలు నాతోని ఎందుకు మాట్లాడలే? నాతోని మాట్లాడలేనంతది ఏమున్నది? అవ్వ తప్ప ఇంకేమున్నది?" అంది. గొంతు ఎత్తలేదు. "మరి ఆ దినమే అన్నం అడిగినవంట గదనే," అన్నాడు మామ, ఏడుపు ఆపుకోలేక. "అడిగిన. దినాలకైతే నేను లేకపోతి. యేడాదికన్న ఉండద్దా అవ్వకు? అందుకే తిన్న," అంది. మామ అక్కడే కూలబడి, సాంచాల చప్పుడును మించిపోయేలా ఏడ్చాడు. గల్లీలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. బాపమ్మ కోసం ఏడవడానికి గల్లీ ఆ రోజు వచ్చింది.

బాపమ్మ యేడాదికి, అంటే సంవత్సరీకానికి, అత్తమ్మ ఉంది. వంటంతా తనే చేసింది, ఎవర్నీ గరిట ముట్టుకోనివ్వలేదు. మామ ఇప్పుడు ఒక బట్టల గోదాముకు వాచ్‌మన్. నేను సూరత్ దగ్గరే కిమ్ అనే ఊళ్ళో ఒక కంపెనీలో ఎలక్ట్రీషియన్‌గా చేస్తున్నాను. అతుకు దగ్గర టేపు సరిగ్గా చుట్టని కుర్రాళ్ళను కేకలేస్తుంటాను. డ్యూటీ దిగి రైల్లో డిండోలికి వస్తుంటే అప్పుడప్పుడు ఆ సాయంత్రం గుర్తొస్తుంది. బక్కపలచగా, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, తను గెలిచాననుకుని రోడ్డు మధ్యలో గెంతుతూ ఈలలు వేస్తున్న ఆ కుర్రాడు కనిపిస్తాడు. వెళ్ళి వాడి భుజం మీద చెయ్యి వేసి, "జర ఆగురా, పైన ఆమె వాళ్ళమ్మ కోసం ఏడుస్తోంది," అని చెప్పాలనిపిస్తుంది. మళ్ళీ, పోనీలే, వెయ్యనీ, దానికి ముందు ఆమె నవ్వింది కూడా నిజమే కదా అనుకుని, వాణ్ణి అలాగే వదిలేస్తాను.